జీన్సు ప్యాంటు: నీలిమందు నుంచి నీలివార్తల దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఈ వీడియో చూస్తున్న మగవాళ్ళలో సగంమంది ఒంటిమీదో, ఇంట్లో దండెం మీదో ఉన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. జీన్సు ప్యాంటు.

ప్యాంటుకి చరిత్ర ఏమిటండీ అని నవ్వొచ్చు. కానీ ఈ ప్యాంటు మీద ఉన్న ప్రతి మేకుకీ, ప్రతి కుట్టుకీ ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే కొనేటప్పుడు మోసపోము, ఉతికేటప్పుడు పాడుచేసుకోము. అందుకని ముందు చరిత్ర చూద్దాం, తర్వాత బట్టల షాపుకి వెళదాం, ఆఖర్న ఉతుకుడు సంగతి చూద్దాం.

తెలుగులో ఒక మంచి మాట ఉంది, నీలివార్త. లేనిపోని మాట పుట్టించి ఊరంతా తిప్పితే దాన్ని నీలివార్త అంటాం. ఈ నీలం బట్ట గురించి కూడా నీలివార్తలు చాలానే తిరుగుతున్నాయి. మొదటిది ఇది: కాలిఫోర్నియాలో బంగారం తవ్వుకునే రోజుల్లో లెవీ స్ట్రాస్ అనే ఆయన గుడారాల గుడ్డ అమ్ముకోడానికి వెళ్ళాడట, గుడారాలు ఎవరూ కొనకపోతే ఆ గుడ్డతోనే ప్యాంట్లు కుట్టాడట. కథ బాగుంది గానీ, జరిగింది అది కాదు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చి, ఆ తర్వాత చెలరేగిన మంటల్లో కంపెనీ పాత కాగితాలన్నీ కాలిపోయాయి. కాగితం లేని చోట కథ పెరగడం మామూలే గదా.

అసలు జరిగింది ఏమిటంటే, లెవీ స్ట్రాస్ 1829లో జర్మనీలోని బవేరియాలో పుట్టాడు. 1853లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి బట్టల టోకు వ్యాపారం పెట్టాడు. ఆయన దర్జీ కాదు, వ్యాపారి. దర్జీ ఇంకొకాయన ఉన్నాడు, పేరు జేకబ్ డేవిస్. రీగా నుంచి వలస వచ్చి నెవాడాలోని రీనో అనే ఊళ్ళో గుడారాలు, గుర్రాల మీద కప్పే దుప్పట్లు కుట్టుకుంటూ బతికేవాడు. 1870 చివర్లోనో 1871 మొదట్లోనో ఒకావిడ ఆయన దగ్గరకొచ్చి, మా ఆయన కట్టెలు కొట్టే పని చేస్తాడు, ఏ ప్యాంటు కొన్నా చినిగిపోతోంది, గట్టిది ఒకటి కుట్టిపెట్టు అంది. ప్యాంటు ముందుగా ఎక్కడ చినుగుతుంది? జేబుల మూలల దగ్గర. గుర్రాల దుప్పట్లకి పట్టీలు బిగించే రాగి రివిట్లు డేవిస్ బల్లమీదే ఉన్నాయి. వాటినే జేబుల మూలల్లో కొట్టాడు. ధర మూడు డాలర్లు.

ఆ నోటా ఈ నోటా పడి గిరాకీ పెరిగింది. పేటెంటు తీసుకోడానికి డేవిస్ దగ్గర డబ్బు లేదు. అప్పుడు, తను గుడ్డ కొనే వ్యాపారి లెవీ స్ట్రాస్‌కి 1872లో ఉత్తరం రాశాడు. ఖర్చు మీరు పెట్టండి, హక్కు ఇద్దరం పంచుకుందాం అని. 1873 మే 20న ఇద్దరికీ కలిపి పేటెంటు వచ్చింది. చూడండి, ఆలోచన కట్టెలు కొట్టేవాడి భార్య అడగడంతో మొదలైంది, పని దర్జీ చేశాడు, పేరు మాత్రం టోకు వ్యాపారికి మిగిలింది. ఇంకో తమాషా, డేవిస్ కుట్టిన ఆ మొదటి ప్యాంటు నీలం కానే కాదు. తెల్లటి మందపాటి నూలుగుడ్డ.

తర్వాత వచ్చిన మార్పులన్నీ వాడేవాళ్ళ కష్టం నుంచి వచ్చినవే. కుడివైపు చిన్న జేబు ఉంటుంది చూశారా, మనం చిల్లర వేసుకుంటాం. అది గొలుసు గడియారం పెట్టుకోడానికి. వెనక రెండో జేబు 1901లో వచ్చింది. బెల్టు పెట్టుకునే లూపులు 1922లో. అంతకుముందు భుజాల మీదుగా పట్టీలు వేసుకునేవాళ్ళు. వెనక జేబుల రివిట్లు గుర్రపు జీనుల్నీ ఇంట్లో కుర్చీల్నీ గీరేస్తున్నాయని 1937లో వాటిని గుడ్డ లోపలికి దాచేశారు. కాళ్ళ సందులో ఉండే రివిటు రెండో ప్రపంచయుద్ధం నాటికి, లోహం పొదుపు చేయాల్సి వచ్చి, పోయింది.

ఇక గుడ్డ సంగతి. జీన్ అన్న పేరు ఇటలీలోని జెనోవా ఊరి నుంచి వచ్చింది. డెనిమ్ అన్న పేరు ఫ్రాన్సులోని నీమ్ ఊరి నుంచి వచ్చిందంటారు గానీ, నీమ్‌లో నేసిన ఆ పాత గుడ్డ ఉన్ని, పట్టు కలిసినది, మన డెనిమ్ పూర్తిగా నూలు. 19వ శతాబ్దం అమెరికాలో ఈ రెండూ వేరువేరు గుడ్డలు. జీన్‌లో పడుగు, పేక రెండూ ఒకే రంగు. డెనిమ్‌లో పడుగు నీలం, పేక తెలుపు. అంటే మనం ఈరోజు జీన్సు అని పిలిచేది డెనిమ్ గుడ్డని. ఇంగ్లీషులో డంగరీస్ అని ఇంకో మాట ఉంది, అది మన ముంబైలోని డోంగ్రీ పేరుమీద వెళ్ళిన ముతక నూలుగుడ్డ పేరు.

నీలం రంగు దగ్గరికి వచ్చేసరికి కథ మన ఇంటికే వస్తుంది. 1873లో కృత్రిమ నీలిమందు బజారులో లేదు. ప్రపంచానికి నీలిమందు ఎక్కువగా అమ్మింది మన దేశమే. మచిలీపట్నం రేవు నుంచి 17వ శతాబ్దంలోనే నీలి ఎగుమతి అయ్యేది. 19వ శతాబ్దంలో మద్రాసు రాష్ట్రంలో నీలి అంటే కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు. బెంగాల్లో తెల్లదొరలు రైతుల చేత బలవంతంగా నీలి వేయిస్తే 1859లో తిరుగుబాటు వచ్చింది. తర్వాత జర్మనీలో బాయర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో నీలిని తయారుచేశాడు, 1897లో బాస్ఫ్ కంపెనీ దాన్ని బజారుకి తెచ్చింది. మన నీలి ధర పడిపోయింది. బీహారులో చంపారన్ దొరలు ఆ నష్టాన్ని తాము భరించకుండా, కౌలు పెంచి రైతుల నెత్తిన రుద్దారు. 1917లో గాంధీగారు చంపారన్ వెళ్ళింది ఆ రైతుల కోసమే. మనం పాఠంలో చదువుకున్న చంపారన్‌కీ, మన ఒంటిమీది ప్యాంటు రంగుకీ ఉన్న సంబంధం ఇదీ.

ఇప్పుడు కొంచెం శాస్త్రం. ఇది అర్థమైతే ఉతకడం సగం వచ్చినట్టే. నీలిమందు నీళ్ళలో కరగదు. దాన్ని ముందు కరిగే రూపంలోకి మార్చాలి, అప్పుడది పసుపుపచ్చగా ఉంటుంది. నూలును అందులో ముంచి పైకి తీస్తే గాలి తగిలి కళ్ళముందే నీలంగా మారుతుంది. ఇలా చాలాసార్లు ముంచి తీస్తారు. రంగు దారం పైపైనే పొరలాగా కూర్చుంటుంది, లోపలి బొడ్డు తెల్లగానే ఉంటుంది. అందుకే రాపిడి తగిలిన చోట, అంటే మోకాళ్ళ దగ్గర, పర్సు పెట్టే జేబు దగ్గర తెల్లబడుతుంది. అది నాసిరకం రంగు కాదు. నీలి స్వభావమే అంత.

వెలిసిపోవడం ఒకప్పుడు కష్టజీవి గుర్తు. 1950లలో మార్లన్ బ్రాండో, జేమ్స్ డీన్ తెరమీద జీన్సు వేసుకుంటే అమెరికాలో కొన్ని స్కూళ్ళు జీన్సు మీద నిషేధం పెట్టాయి. తర్వాత అదే కుర్రకారు ఫ్యాషనయింది. మన దేశంలో 1980లో ఫ్లయింగ్ మెషీన్ అనే మన సొంత బ్రాండు వచ్చింది. 1990లలో అర్వింద్ మిల్స్ రఫ్ అండ్ టఫ్ పేరుతో గుడ్డ, జిప్పు, రివిట్లు, వెనక అట్టముక్క అన్నీ ఒక ప్యాకెట్లో పెట్టి అమ్మింది. కొని ఊళ్ళో టైలరుకి ఇస్తే కుట్టిపెట్టేవాడు. గుర్తుందా? 1998లో శంకర్ సినిమాకే జీన్స్ అని పేరు. ఇవాళ తెలుగు బాగా వినిపించే బళ్ళారి, మన అనంతపురం వైపు రాయదుర్గం జీన్సు కుట్టే ఊళ్ళుగా పేరు తెచ్చుకున్నాయి.

ఇక్కడ ఒక బాధపడాల్సిన సంగతి చెప్పాలి. కష్టం చేస్తే వచ్చే వెలుపుని కష్టం చేయకుండా కొనుక్కోవాలని జనానికి ఆశ పుట్టింది. ఫ్యాక్టరీలు ప్యూమిస్ రాళ్ళు వేసి యంత్రాల్లో తిప్పడం మొదలుపెట్టాయి. దాన్నే స్టోన్ వాష్ అన్నారు. మన చాకిరేవులో బండమీద బాదడం వాళ్ళకి ఖరీదైన పని అయింది. అంతవరకు నవ్వుకోవచ్చు. తర్వాత గొట్టంతో ఇసుకని వేగంగా కొట్టి తొడల దగ్గర తెల్లబరచడం వచ్చింది. ఆ ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. మందు లేదు. టర్కీలో ఈ పని చేసిన పడుచు కుర్రాళ్ళు ఎంతోమంది ఆ జబ్బు పడ్డారు, ప్రాణాలు పోయాయి. 2009లో టర్కీ ప్రభుత్వం జీన్సు మీద ఇసుక కొట్టడాన్ని నిషేధించింది. పెద్ద కంపెనీలు కొన్ని మానేశాయి. ఇప్పుడు లేజరుతో కూడా చేస్తున్నారు. కానీ తొడ మీద తెల్లటి మచ్చ ఉన్న చవక ప్యాంటు చూసినప్పుడు, దీన్ని తెల్లబరిచింది ఎవరు, ఏం పీల్చుకుంటూ చేశారు అని ఒక్క క్షణం ఆలోచించండి. ముదురు నీలం ప్యాంటు కొనుక్కుంటే అదే మీ నడకతో, మీ పనితో వెలుస్తుంది. ఎక్కువ రోజులు కూడా వస్తుంది, ఎందుకంటే రాళ్ళతో కొట్టిన గుడ్డ ఆయుష్షులో కొంత షాపుకి రాకముందే అయిపోయి ఉంటుంది.

సరే, షాపుకి వెళదాం. ముందు ప్యాంటుని తిరగేయండి. లోపల పేక తెల్లగా కనపడాలి. కుట్లు దగ్గరదగ్గరగా, వేలాడే దారాలు లేకుండా ఉండాలి. జేబుల మూలల్లో రివిటు గానీ, ఒత్తుగా కుట్టిన అడ్డకుట్టు గానీ ఉందా చూడండి. నూటయాభై ఏళ్ళ కిందట డేవిస్ చూసిన చోటే ఇప్పటికీ చినుగుతుంది. జేబు లోపలి గుడ్డ పలచగా ఉంటే తాళంచెవులు దాన్ని తినేస్తాయి. జిప్పు లోహంది అయితే మేలు, నాలుగుసార్లు పైకీ కిందకీ లాగి చూడండి.

గుడ్డ మందాన్ని ఔన్సుల్లో చెబుతారు. 13, 14 ఔన్సులది గట్టిగా ఉంటుంది గానీ మన ఎండలకి 10 నుంచి 12 చాలు. చీటీ మీద కాటన్ ఎంత శాతమో చదవండి. రెండు శాతం సాగే దారం ఉంటే కూర్చోడానికి సుఖం. అంతకంటే పెరిగేకొద్దీ గుడ్డ త్వరగా మోకాళ్ళ దగ్గర వదులైపోతుంది. ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడితే సరిపోదు. గొంతుక్కూర్చోండి. నడుము దగ్గర రెండు వేళ్ళు పట్టాలి, బెల్టు లేకుండా నిలబడాలి, తొడల దగ్గర పట్టేయకూడదు. నూరు శాతం కాటన్ అయితే ఒకసారి ఉతికాకే కింద మడిచి కుట్టించుకోండి.

ఇక ఉతుకుడు. ఇక్కడా నీలివార్తలే. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు. నీలి నీళ్ళలో కరిగే రంగే కాదు గదా, ఉప్పు పట్టి ఉంచేదేమీ లేదు. పోయేది రాపిడి వల్ల పోతుంది. అందుకని తిరగేసి, జిప్పు మూసి, చల్లనీళ్ళలో, తక్కువ సబ్బుతో ఉతకండి. మొదటి రెండుమూడు సార్లు విడిగా. బ్రష్షు వద్దు, బ్లీచింగు వద్దు. నీడలో తిరగేసి ఆరేయండి.

అసలు ఉతకొద్దు అనేవాళ్ళూ ఉన్నారు. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 2011లో ఒక విద్యార్థి 15 నెలలు ఉతక్కుండా వేసుకున్న జీన్సులో, ఉతికి 13 రోజులు వేసుకున్న దానిలో ఉన్నన్ని బాక్టీరియాలే కనిపించాయి. నీళ్ళ లెక్కా ఉంది. ఒక జత 501 జీన్సు జీవితకాలంలో 3,781 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని లెవీస్ కంపెనీ 2015లో లెక్కేసింది. అందులో 68 శాతం పత్తి పండించడానికి, 23 శాతం మన ఇంట్లో ఉతకడానికి.

కానీ కెనడా చలి వేరు, విజయవాడ ఉక్కపోత వేరు. ఇక్కడ చెమట పట్టిన బిగుతు ప్యాంటు రోజంతా ఉంటే గజ్జల్లో తామర వస్తుంది. సిగ్గుపడి డాక్టరుకి చూపించుకోకుండా ఏదో క్రీము రాసుకుని ముదరబెట్టుకునే మగవాళ్ళు ఎంతమందో. కాబట్టి ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి నాలుగైదు సార్లు వేసుకున్నాక ఉతికితే చాలు. బండి మీద ఎండలో తిరిగేవాళ్ళు చెమట పట్టగానే ఉతకాలి. తామర ఉంటే తగ్గేదాకా జీన్సే మానేసి వదులు నూలు ప్యాంటు వేసుకోండి. వానాకాలంలో నడుంపట్టీ, జేబులు పూర్తిగా ఆరాయో లేదో చేత్తో తడిమి చూడకుండా వేసుకోవద్దు.

చివరగా ఒక్క మాట. కాళ్ళ సందులో దారం పలచబడటం కనపడగానే రఫ్ఫు కుట్టించండి, చినిగేదాకా ఆగకండి. ఒక కట్టెలు కొట్టేవాడి ప్యాంటు ఎక్కువ రోజులు రావాలనే ఈ జీన్సు పుట్టింది. రెండు నెలలకో కొత్తది కొనడం కన్నా, ఉన్నదాన్ని ఇంకో రెండేళ్ళు నడపడమే దాన్ని సరిగ్గా వాడినట్టు.

మీ దగ్గర ఎక్కువ ఏళ్ళు మన్నిన జీన్సు ఏదైనా ఉంటే దాని సంగతి కింద రాయండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.