చాక్లెట్టు మీద ఊరి పేరు

వైను సీసా మీద ఊరి పేరు చూసి మురిసిపోయే అలవాటు పాతదే. చాక్లెట్టుకు అది అంటుకుని ఎంతో కాలం కాలేదు. ఫ్రాన్సులో బొన్నా అనే పాత కంపెనీ 1980లలో దేశాలవారీగా బార్లు తెచ్చింది. ఆ వెనకే రుచి చూసి మార్కులు వేసేవాళ్ళు తయారయ్యారు. మడగాస్కర్ అంటే పండ్ల పులుపు, ఈక్వెడార్ అంటే పూల వాసన!

ఇదంతా బూటకమని నేననను. గింజ రకాన్ని బట్టి, పులియబెట్టిన తీరును బట్టి, వేయింపును బట్టి రుచి మారుతుంది. నా సందేహమల్లా ఆ మార్కులు వేసేది నాలుకా, రేపరు చదివిన కళ్ళా అని.

2006 డిసెంబరులో జరిగిన సంగతి చూడండి. అమెరికాలో టెక్సస్‌కు చెందిన నోకా అనే కంపెనీ వెనిజులా, ట్రినిడాడ్, ఈక్వెడార్, ఐవరీ కోస్ట్ పేర్లతో చిన్న చిన్న ముక్కలు అమ్మేది. ధర పౌను 309 డాలర్ల నుంచి 2,080 డాలర్ల దాకా! డల్లాస్‌ఫుడ్ అనే సైటు నడిపే ఒకాయనకు అనుమానం వచ్చింది. ఆయన గొప్ప నాలుక ఉందని చెప్పుకోలేదు. ఈ నాలుగు దేశాల గింజలతో, 75 శాతం కోకోతో, వెనిలా, లెసిథిన్ కలపకుండా చేసేవాళ్ళు ఎవరున్నారని ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ వచ్చాడు. చివరికి మిగిలింది బొన్నా. అంటే ఎవరో చేసిన చాక్లెట్టును కరిగించి, ముక్కలు పోసి, పెట్టెలో పెట్టడమే నోకా పనితనం. అన్నాళ్ళూ లొట్టలేసిన పత్రికలు ఈ చిన్న లెక్క వెయ్యలేదు.

2015లో అదే సైటు బ్రూక్లిన్‌లోని మాస్ట్ బ్రదర్స్ మీద పడింది. గింజ నుంచి బారు దాకా అంతా మేమే చేస్తామన్న పేరుతో వెలిగిన అన్నదమ్ములు వాళ్ళు. తొలిరోజుల్లో వాల్రోనా కంపెనీ చాక్లెట్టు వాడామని అప్పుడు ఒప్పుకున్నారు.

రేపర్ల మీద కనిపించే "క్రియోలో, ఫొరాస్టెరో, ట్రినిటారియో" అనే మూడు జాతుల లెక్క కూడా అంతంతమాత్రమే. 2008లో మోటమయోర్ బృందం జన్యువులు పరీక్షించి కోకోను 10 గుంపులుగా విడగొట్టింది. రేపర్లు మాత్రం పాత పాఠమే వల్లిస్తున్నాయి.

మన పశ్చిమ గోదావరి కొబ్బరి తోటల్లో కోకో అంతరపంట. ఆ జిల్లా పేరుతోనూ ఇప్పుడు బార్లు వస్తున్నాయి. అలాంటిదొకటి, అదే శాతం కోకో ఉన్న విదేశీ బారొకటి కొన్నాను. రేపరు చూస్తూ తిన్నప్పుడు మనదానికి 8, రెండోదానికి 6 వేశాను. (జిల్లా అభిమానం ఎక్కడికి పోతుంది?) తర్వాత నా కళ్ళకు గుడ్డ కట్టి, మూడేసి ముక్కలు ఇమ్మని మా వదినతో చెప్పాను. రెండు ఒకటే, మూడోది వేరు. ఆ వేరేదాన్ని పట్టుకోవాలి. 12 సార్లలో 6 సార్లు పట్టుకున్నాను. ఊరికే ఊహించి చెప్పినా సగటున 4 వస్తాయి. 6 గాని అంతకు మించి గాని వచ్చే అవకాశం నూటికి 18. కాబట్టి ఇది ఋజువు కాదు.

పనిలోపనిగా ఆ ముక్కలకు మార్కులు కూడా చెప్పాను. వదిన రాసిపెట్టింది. గోదావరి బారుకు ఒకసారి 8, ఇంకోసారి 5 వేశానట.