పర్యావరణం, సమాజాల పతనం: గండిపేట ఉదాహరణ

గత సమాజాలు పర్యావరణ సమస్యల వల్ల ఎందుకు కూలిపోయాయని అడిగితే విద్యార్థులు సాధారణంగా కరవు అనో, వరద అనో రాస్తారు. ఇది సగం జవాబే. కరవులు, వరదలు అన్ని సమాజాలకూ వచ్చాయి. వాటిని తట్టుకునే ఏర్పాటు అప్పటికి ఏ స్థితిలో ఉందో కూడా మీరు చూడాలి.

కంబోడియాలోని ఆంగ్‌కోర్‌ను తీసుకోండి. అక్కడి ఖ్మేర్ రాజులు తవ్వించిన కాలువలు, భారీ జలాశయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేవి. 14, 15 శతాబ్దాల్లో దీర్ఘకాలపు కరవులు, వాటి మధ్య కుండపోత వానలు వచ్చినట్లు చెట్ల వార్షిక వలయాలు చూపుతున్నాయి. కాలువలు కొన్నిచోట్ల కోతకు గురయ్యాయి, కొన్నిచోట్ల పూడిపోయాయి. అయితే ప్రతి పతనాన్నీ ప్రకృతికి అంటగట్టకండి. మన గోల్కొండ 1687లో పడిపోయింది ఔరంగజేబు ముట్టడి వల్లనే.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలాది ప్రాణాలు తీసింది. కారణాలు తెలుసుకోవడానికి వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంతో ఆగక ఎగువ ప్రాంతాన్ని పరిశీలించారు. నదీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగాయని తేల్చారు. గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు కట్టను కూడా తెంపుతుంది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మనం గండిపేట అని పిలిచే చెరువు, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం వీటి పనులు.

కట్ట గండిపేటలో ఉన్నా, చెరువును నింపేది చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు కురిసే వాన. అందుకే 1996లో వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను నిషేధించింది. ఆ పరిధిలో ఒక పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2000లో తోసిపుచ్చింది. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. నీరు నగరానిది, ఆంక్షలు పల్లెలవి. పక్కనే కోకాపేటలో భూముల ధరలు ఆకాశాన్నంటుతుంటే మొయినాబాద్ రైతు తన పొలాన్ని చూసి ఏమనుకుంటాడు? ఆ నష్టానికి పరిహారం గురించి జీవో ఏమీ ఆలోచించలేదు. ఇలాంటి రక్షణ ఎక్కువ కాలం నిలవదు.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఆంక్షలను సడలించింది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నందున ఈ జలాశయాలు ఇక ప్రధాన ఆధారం కావన్నది వాదన. ఇది రెండో పనికి మాత్రమే సమాధానం. మొదటి పని ఇంకా మిగిలే ఉంది: 2020 అక్టోబర్ వరదల్లో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది.

అభ్యాసం: మీ ఊరి చెరువుకు ఏ వాగుల ద్వారా నీరు వస్తుందో గ్రామ పటంలో గుర్తించండి. ఆ దారుల్లో ఇప్పుడు ఏమేమి ఉన్నాయో స్వయంగా చూసి రాయండి.