క్యారెక్టర్ ఎన్‌కోడింగ్

అక్షరాలను కంప్యూటర్ దాచుకోగల సంఖ్యలుగా మార్చే పద్ధతి. వెబ్ పేజీలు రాయడం నేర్చుకునే తెలుగువారు హెచ్‌టీఎంఎల్ ట్యాగుల కన్నా ముందు దీన్ని తెలుసుకోవడం మంచిది.

వివిధ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ తొలి ప్రమాణం 1991లో వెలువడింది. అందులోనే తెలుగుకు చోటు దక్కింది. 3072 నుంచి 3199 దాకా సంఖ్యలు మనవి. నంద్యాల జిల్లాలోని మండల కేంద్రం ‘పాణ్యం’ పేరునే తీసుకోండి. కంటికి కనిపించేవి రెండక్షరాలే. సర్వర్ నుంచి బ్రౌజర్‌కు మాత్రం ఆరు కోడ్‌లు వస్తాయి: ప (3114), దీర్ఘం, ణ (3107), పొల్లు, య (3119), సున్న. యవత్తుకు విడిగా సంఖ్య లేదు. ణ, య మధ్య పొల్లు ఉందని గమనించి ఫాంటే దాన్ని అమరుస్తుంది. ఈ కోడ్‌లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు కాబట్టి ఈ ఊరి పేరు 18 బైట్లు.

ఆ బైట్లను బ్రౌజర్ వేరే ఎన్‌కోడింగ్‌గా చదివితే తెరమీద అర్థంలేని లాటిన్ గుర్తులు పడతాయి. పేజీ తొలి 1024 బైట్లలోపే యూటీఎఫ్-8 అని ప్రకటించాలన్న నియమం అందుకే. ఖాళీ గళ్లు కనిపిస్తే లోపం సాధారణంగా ఫాంట్‌ది. సీఎస్ఎస్‌లో తెలుగు ఫాంట్‌ను జతచేస్తే సరిపోతుంది.

యూనికోడ్‌కు మారకముందు తెలుగు పత్రికల సైట్లు సొంత కోడ్‌లున్న ఫాంట్లతో నడిచేవి. అందువల్ల నాటి రాతలెన్నో సెర్చ్ ఇంజిన్లకు అందకుండా పోవడం తెలుగుకు జరిగిన పెద్ద నష్టం.