లిస్టులో ఫస్ట్ ఉన్న ఫోనే బెస్టా? బెంచ్‌మార్క్ స్కోర్లు ఇలా చూడండి

కొత్త ఫోన్ కొనేముందు ఇప్పుడు చాలామంది చూసేది బెంచ్‌మార్క్ స్కోరు. అంటుటు, గీక్‌బెంచ్ లాంటి యాప్‌లు ఫోన్‌తో రకరకాల పనులు చేయించి, వేగాన్ని బట్టి పాయింట్లు ఇస్తాయి. అయితే ఆ పాయింట్లను ఏ లెక్కన వరసపెట్టారో దాన్నిబట్టి ఫస్ట్ ప్లేస్ మారిపోతుంది.

బెస్ట్ స్కోరా? సగటా?

ఉదాహరణకు రెండు ఫోన్లకు ఐదేసిసార్లు టెస్ట్ పెట్టారనుకుందాం. మొదటిదానికి వరసగా 1000, 940, 860, 790, 710 వచ్చాయి. రెండోదానికి 900, 895, 890, 885, 880. అత్యధిక స్కోరు చూస్తే మొదటిదే టాప్. సగటు తీస్తే మొదటిది 860, రెండోది 890. వరస తలకిందులైంది! వేడెక్కేకొద్దీ మొదటి ఫోన్ స్లో అవుతోందన్న సంగతి బెస్ట్ స్కోరులో కనబడదు.

మన ఎండల్లో ఎలా?

పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కార్లకైనా టెస్టులో వచ్చే మైలేజీ వేరు, రోడ్డు మీద వచ్చేది వేరు. ఫోన్లూ అంతే. హిందూపురంలో తెల్లవారుజామున తీసిన స్కోరును, ధర్మవరంలో మే నెల మిట్టమధ్యాహ్నం తీసిన స్కోరును పక్కపక్కన పెడితే పోలిక తప్పుతుంది.

లిస్టు నుంచే తీసేశారు

2022 మార్చిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్22, ఎస్21, ఎస్20, ఎస్10 సిరీస్‌లను గీక్‌బెంచ్ తన ఆండ్రాయిడ్ చార్టు నుంచి తొలగించింది. మామూలు యాప్‌లు, గేమ్‌లకు స్పీడ్ తగ్గించి, బెంచ్‌మార్క్ యాప్‌కు మాత్రం తగ్గించకపోవడమే కారణం. అంతకుముందు 2021లో వన్‌ప్లస్ 9, 9 ప్రోలనూ ఇలాగే తీసేసింది.

స్కోరు చూసేటప్పుడు..

* వెర్షన్ ఒకటేనా చూడాలి. గీక్‌బెంచ్ 5కు ప్రామాణిక స్కోరు 1000 అయితే, గీక్‌బెంచ్ 6కు 2500. రెండింటినీ కలిపి పోల్చకూడదు.
* సింగిల్ కోర్, మల్టీ కోర్ లిస్టులు వేర్వేరు. ఒకదాంట్లో ముందున్న ఫోన్ ఇంకోదాంట్లో వెనకబడొచ్చు.
* ఎన్ని ఫలితాల సగటో చూడాలి. కనీసం ఐదు వేర్వేరు ఫలితాలుంటేనే గీక్‌బెంచ్ చార్టులో ఫోన్‌కు చోటిస్తుంది.
* వరసగా పెట్టిన టెస్టుల్లో చివరి స్కోరు ఎంతకు పడిందో చూడాలి.

ఎక్కువగా వీడియోలు చూసేవాళ్లకు ఇంకో మాట. వీడియో ప్లే చేసే పనిని చాలావరకు ఫోన్‌లోని ప్రత్యేక డీకోడర్ చూసుకుంటుంది. కాబట్టి టాప్ స్కోరు కోసం వేలకు వేలు అదనంగా పెట్టేకన్నా స్క్రీన్, బ్యాటరీ ఎలా ఉన్నాయో చూసుకోవడం మేలు.