అర అంగుళం కట్టుబాటు

విడి ముక్కలను కూర్చి ఇళ్లు, వంతెనలు, యంత్రాలు కట్టుకునే బొమ్మలు ఐరోపాలో బడి సామగ్రిగా పేరు తెచ్చుకుని, పందొమ్మిదో శతాబ్దం చివరికల్లా పెద్ద వ్యాపారంగా మారాయి. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837 నుంచి తయారు చేయించిన చెక్క దిమ్మలు వీటిలో ప్రసిద్ధమైనవి. ఒక పెట్టెలో ఎనిమిది చిన్న ఘనాలు ఉంటాయి. వాటిని పేరిస్తే ఒక పెద్ద ఘనం అవుతుంది, విడదీస్తే కుర్చీయో మెట్లో గోడో అవుతుంది. కొలత ఒక్కటే కావడంతో ఏ ముక్కనైనా ఏ ముక్క పక్కనైనా పెట్టవచ్చు. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ చిన్ననాడు ఈ దిమ్మలతోనే ఆడుకున్నాడు. వాటి ప్రభావం తనమీద ఎంత ఉందో ఆత్మకథలో చెప్పుకున్నాడు కూడా.

వీటితో డబ్బు చేసుకునే దారి కనిపెట్టినవాడు తూరింగియా ప్రాంతపు రుడోల్‌స్టాట్ వ్యాపారి ఫ్రెడరిక్ అడాల్ఫ్ రిష్టర్. నొప్పుల మందులు అమ్ముకునే ఆ పెద్దమనిషి ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపి అచ్చుపోసే రాతి దిమ్మల పద్ధతిని 1880లో వెయ్యి మార్కులకు కొన్నాడు. అమ్మినవారు లిలియంటాల్ సోదరులు. వారిలో ఒట్టో తర్వాత గ్లైడర్లలో ఎగిరి విమానయాన చరిత్రకెక్కాడు. దిమ్మల మీద లాభమంతా రిష్టర్‌దే అయింది. ఆయన అసలు తెలివి మాత్రం రాతి మిశ్రమంలో లేదు, పెట్టెల వరుసలో ఉంది. మొదటి పెట్టె కొన్న ఇంటికి తర్వాత ‘అనుబంధ’ పెట్టె అమ్ముతాడు. అది కలిస్తే పాత పెట్టె ఒక మెట్టు పెద్ద పెట్టెతో సమానమవుతుంది. కొన్నది ఏదీ వృథా పోదు, కొనడమూ ఒక పట్టాన ఆగదు.

ఇదే ఆలోచన ఉక్కులోకి లివర్‌పూల్‌లో వచ్చింది. ఫ్రాంక్ హార్న్‌బీ (1863–1936) అక్కడ మాంసం దిగుమతి చేసే డేవిడ్ ఎలియట్ దగ్గర గుమస్తా. కొడుకులు రోలండ్, డగ్లస్‌ల కోసం రేకు కత్తిరించి క్రేన్లు, వంతెనలు చేసిపెట్టేవాడు. ఒక బొమ్మకు కత్తిరించిన ముక్క ఇంకో బొమ్మకు పనికిరాక పోవడమే ఆయనకు ఎదురైన చిక్కు. రేకు పట్టీలన్నిటికీ సమాన దూరంలో బెజ్జాలు పొడిచి, నట్టు బోల్టులతో బిగించే ఏర్పాటుతో ఆ చిక్కు విడిపోయింది. పేటెంటుకు కావలసిన ఐదు పౌండ్లు యజమాని ఎలియట్ అప్పుగా ఇచ్చాడు. 1901 జనవరిలో పేటెంటు దాఖలైంది. మొదట ‘మెకానిక్స్ మేడ్ ఈజీ’ పేరుతో అమ్మారు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ హీల్-షా ఇది పిల్లలకు యాంత్రిక శాస్త్రం నేర్పుతుందని ఉత్తరం రాసి ఇచ్చాడు. అప్పటి ప్రచారానికి అదే పెద్ద అండ. 1907లో మెకానో పేరు నమోదైంది, మరుసటి ఏడు మెకానో లిమిటెడ్ ఏర్పడింది, 1914లో లివర్‌పూల్ బిన్స్ రోడ్డులో కర్మాగారం మొదలైంది.

తొలి పెట్టె ధర 7 షిల్లింగుల 6 పెన్నీలు. అందులో ఉన్నవి 16 రకాల భాగాలు. అప్పటి ఇంగ్లండులో మామూలు కూలి మనిషి వారం సంపాదన 20–30 షిల్లింగుల మధ్య ఉండేది. అంటే ఒక బొమ్మకు వారం కూలిలో పావు వంతుకు పైగానే పోయేది. మెకానో మొదటినుంచీ మధ్యతరగతి ఇంటి బొమ్మే కానీ బీదల బొమ్మ కాలేదు. ఈ సంగతి కంపెనీకి తెలుసు. అందుకే రిష్టర్ దారినే మెట్లు కట్టింది. 1937 నుంచి 0 మొదలుకొని 10 వరకు సెట్లు, వాటి మధ్య 0ఎ, 1ఎ అంటూ అనుబంధ పెట్టెలు వచ్చాయి. 0కు 0ఎ కలిపితే 1 అవుతుంది, 9కి 9ఎ కలిపితే 10. పదో నంబరు సెట్టు సొరుగులున్న చెక్క పెట్టెలో వచ్చేది. దాన్ని ఒకేసారి కొనగలిగిన ఇళ్లు తక్కువ. పుట్టినరోజుకొకటి, క్రిస్మస్‌కొకటి చేరుస్తూ పోయిన ఇళ్లే ఎక్కువ. నట్లు, బోల్టులు, పళ్లచక్రాలు విడిగా కూడా దొరికేవి. పోయిన ముక్క కోసం కొత్త పెట్టె కొనాల్సిన పని లేదు. 1916లో మొదలైన మెకానో మ్యాగజైన్ నెలనెలా కొత్త నమూనాలు చూపిస్తూ ఆ పెట్టెలకు పని కల్పించేది. ఇది అమ్మకపు ఎత్తుగడ కాదని ఎవరూ అనలేరు. కాకపోతే కొన్నవాడు నష్టపోని ఎత్తుగడ.

ఈ ఏర్పాటంతా నిలబడింది బెజ్జానికీ బెజ్జానికీ మధ్య అర అంగుళం అనే కొలత మీద. రెండున్నర అంగుళాల పట్టీకి ఐదు బెజ్జాలు, ఐదున్నర అంగుళాల దానికి పదకొండు, పన్నెండున్నర అంగుళాల దానికి పాతిక. ఇరుసులు, బోల్టులు అన్నీ ఆ బెజ్జాలకు సరిపోయేవే. చక్రాలలోనూ ఇదే లెక్క. 19 పళ్ల చిన్న చక్రాన్ని ఒక బెజ్జంలోని ఇరుసుకు, 57 పళ్ల పెద్ద చక్రాన్ని అంగుళం దూరంలోని బెజ్జం ఇరుసుకు బిగిస్తే పళ్లు సరిగ్గా కలుస్తాయి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒకటే చుట్టు తిరుగుతుంది. పిల్లవాడు కొలబద్ద ముట్టుకోకుండానే గేరు నిష్పత్తి చేతికి దొరుకుతుంది. 50 పళ్లది, 25 పళ్లది తీసుకుంటే అదే అంగుళం దూరంలో రెండింతల వేగం వస్తుంది. ఇంత కచ్చితత్వం పట్టీని తయారుచేసే ఖరీదును పెంచిన మాట నిజమే. ఆ ఖరీదు దేనికి చెల్లించినట్టో 1934లో మాంచెస్టర్‌లో తేటతెల్లమైంది.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయ గణిత శాస్త్రవేత్త డగ్లస్ హార్‌ట్రీ అమెరికా వెళ్లి, ఎంఐటీలో వానెవర్ బుష్ నిర్మించిన డిఫరెన్షియల్ అనలైజర్‌ను చూసివచ్చాడు. అవకలన సమీకరణాలను ఇరుసులు, చక్రాల తిరుగుడుతో సాధించే పెద్ద యంత్రం అది. దానికి నమూనా కట్టడానికి హార్‌ట్రీ, ఆయన విద్యార్థి ఆర్థర్ పోర్టర్ ఎంచుకున్నది మెకానో భాగాలను. యంత్రానికి గుండెకాయ లాంటిది ఇంటిగ్రేటర్. తిరిగే పళ్లెం మీద ఒక చిన్న చక్రం నిలువుగా ఆని ఉంటుంది. పళ్లెం మధ్యలో ఉంటే ఆ చక్రం కదలదు, అంచుకు జరిగేకొద్దీ వేగంగా తిరుగుతుంది. ఆ జరిగే దూరమే గణితంలో ఒక విలువ, చక్రం తిరిగిన మొత్తం చుట్లే జవాబు. చక్రం ఒరుసుకుంటూ తిరగడం వల్ల పుట్టే బలం చాలా తక్కువ కాబట్టి మిగతా యంత్రాన్ని నడపడానికి ఆ బలాన్ని పెంచే అమరిక వేరే పెట్టారు. మొత్తం ఖర్చు సుమారు 20 పౌండ్లు. జవాబులు రెండు శాతం తేడాలో వచ్చేవి. బొమ్మ ముక్కల యంత్రంతో పరమాణు నిర్మాణానికి సంబంధించిన సమీకరణాలు సాధించాక, దాన్ని చూపించి హార్‌ట్రీ అసలు యంత్రానికి డబ్బు సంపాదించాడు. మరుసటి సంవత్సరం మెట్రోపాలిటన్-వికర్స్ కంపెనీ దాన్ని కట్టింది. కేంబ్రిడ్జిలోనూ మెకానో భాగాలతో ఇలాంటిది తయారై, కొన్నేళ్లు పనిచేసి, 1950లో న్యూజిలాండ్ చేరింది. ఇప్పుడది ఆక్లాండ్‌లోని మోటాట్ మ్యూజియంలో ఉంది.

మెకానోకు అమెరికాలో పోటీ ఇచ్చిన ‘ఎరెక్టర్’ సెట్టును ఎ.సి. గిల్బర్ట్ 1913లో మార్కెట్లోకి తెచ్చాడు. యేల్‌లో వైద్య విద్యార్థి విలియం స్యూయెల్ దాని భాగాలు కలిపి 1949–50లో ఒక కృత్రిమ గుండె పంపును చేశాడు. కుక్క గుండెలో ఒక వైపు పనిని గంటకు పైగా అది నడిపింది. ఖర్చు పాతిక డాలర్ల లోపు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ సంగ్రహంలో ఉంది.

ఉక్కు బొమ్మల కాలం ప్లాస్టిక్ రాకతో తరిగింది. మెకానోను 1964లో లైన్స్ బ్రదర్స్, వారు చితికిపోయాక 1971లో ఎయిర్‌ఫిక్స్ కొన్నాయి. 1979 నవంబరులో బిన్స్ రోడ్డు కర్మాగారాన్ని ఉన్నట్టుండి మూసేశారు. కార్మికులు లోపలే బైఠాయించినా తెరిపించలేకపోయారు. ఫ్రాన్సులోని కాలే కర్మాగారం 2024 వరకు లాక్కొచ్చింది. పేరు చేతులు మారింది, పట్టీల రంగులు మారాయి, అర అంగుళం మాత్రం మారలేదు. అందుకే 1920ల నాటి పట్టీకి నేటి పట్టీని బిగించవచ్చు. భారతదేశంలో ‘మెకానిక్స్’ పేరుతో తయారై, మన ఊళ్ల బొమ్మల దుకాణాల్లోకీ వచ్చిన నట్టు బోల్టుల పెట్టెలకు ఒరవడి కూడా హార్న్‌బీదే.

తర్వాతి అధ్యాయం డెన్మార్క్‌ది. బిల్లుండ్ వడ్రంగి ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934 నుంచి కంపెనీ పేరు లెగో. 1946లో ప్లాస్టిక్ పోతపోసే యంత్రాన్ని 30,000 క్రోనర్లకు కొన్నప్పుడు ఇంట్లోవాళ్లే కంగారుపడ్డారు. 1949లో వచ్చిన ఇటుకలకు మాతృక ఇంగ్లండులో హిలరీ పేజ్ చేసిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలు. అవి లోపల బోలు, పట్టు తక్కువ. ఇటుక అడుగున గొట్టాలు పెట్టి ఆ లోపాన్ని సవరించిన పద్ధతికి ఓలే కొడుకు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న పేటెంటు దాఖలు చేశాడు. బుడిపెకూ బుడిపెకూ మధ్య 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. నాటి ఇటుకకు నేటి ఇటుక ఇప్పటికీ అతుకుతుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు ఉంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపవచ్చని గణిత శాస్త్రవేత్తలు లెక్కకట్టారు.

లెగో ఖరీదైనదనే ఫిర్యాదు పాతదే. అచ్చుల సూక్ష్మత అందుకు ఒక కారణం. అయితే ఆ సూక్ష్మత ఉన్నా కంపెనీ 2003–04లో మునిగిపోయేంత పని అయింది. 1997లో సుమారు 6,000 ఉన్న ముక్కల రకాలు 2004కి 12,000 దాటాయి. ఒక్క బొమ్మకే పనికొచ్చే ముక్కలు పెరిగాయి, వాటికి అచ్చుల ఖర్చు పెరిగింది. కొత్త అధిపతి యార్గన్ విగ్ క్నుడ్‌స్టార్ప్ రకాలు తగ్గించాకే కంపెనీ కోలుకుంది. ఏ ముక్కనైనా ఎక్కడైనా పెట్టవచ్చనే ఫ్రోబెల్ నాటి సూత్రాన్ని పక్కన పెడితే ఎంత నష్టమో ఆ లెక్కల పుస్తకాలే చెప్పాయి. ఇంకోవైపు, తయారీ ఆగిన సెట్లు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఏడాదికి సగటున 11 శాతం దాకా లాభం ఇచ్చాయని 1987–2015 నాటి ధరలను పరిశీలించిన రష్యా ఆర్థికవేత్తలు తేల్చారు. అయితే ఆ లాభం సీలు విప్పని పెట్టెలది. ఆడుకున్న బొమ్మల కథ వేరు.

మన్నికకు మరో ముఖం కూడా ఉంది. 1997లో ఇంగ్లండు నైరుతి తీరం దగ్గర టోకియో ఎక్స్‌ప్రెస్ ఓడ నుంచి 48 లక్షలకు కాస్త తక్కువ లెగో ముక్కలు సముద్రంలో పడ్డాయి. అవి ఇంకా ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. ఆ ఇటుకలు నీటిలో 100 నుంచి 1,300 ఏళ్ల వరకు నిలవగలవని ప్లైమౌత్ విశ్వవిద్యాలయ బృందం 2020లో అంచనా వేసింది.

ఇటుక ఆకారం మీద ట్రేడ్‌మార్కు హక్కును యూరోపియన్ న్యాయస్థానం 2010లో తిరస్కరించింది. దాంతో అదే కొలతలో ఇతరులూ ఇటుకలు చేసి అమ్ముకోవచ్చని ఖాయమైంది. భారతదేశంలో అసలు సరుకు ధర ఆకాశంలో ఉండటానికి పన్ను ఒక కారణం. బొమ్మల దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. బొమ్మలపై ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. చవక సెట్లలో చూడవలసింది ముక్కల సంఖ్య కాదు. పట్టు ఎంత, ఇంట్లో ఉన్నవాటికి అతుకుతాయా, పోయిన ముక్క విడిగా దొరుకుతుందా అన్నవి చూడాలి. ఈ మూడూ లేని పెట్టె ఎంత తక్కువకు వచ్చినా దండగే.

ధరను దాదాపు సున్నాకు తెచ్చినవాడు మాత్రం భారతీయుడే. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి, మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వెళ్లాడు. పల్లె సంతలో దొరికే సామానుతోనే ప్రయోగాలు చేయించాలని, సైకిల్ వాల్వ్ ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లలు గుచ్చి ‘అగ్గిపుల్లల మెకానో’ తయారు చేశాడు. మూడు పుల్లల త్రిభుజం నొక్కినా కదలదు, నాలుగు పుల్లల చతురస్రం పక్కకు వాలిపోతుంది. వంతెనలకు, టవర్లకు త్రిభుజాలే ఎందుకు వాడతారో పిల్లలకు వేళ్లతోనే తెలిసిపోతుంది. ఇక్కడ కొలతకు కట్టుబాటు అగ్గిపెట్టెల కంపెనీయే చూసుకుంటుంది, పుల్లలన్నీ ఒకే పొడవు కదా. ఈ అగ్గిపుల్లల నమూనాల మీద ఆయన రాయగా ఏకలవ్య సంస్థ ప్రచురించిన పుస్తకం అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది. 2018లో గుప్తాకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.