వాన ఒకచోట, పంట ఒకచోట

తెనాలి నుండి రేపల్లె పోయే రైలు మార్గంలో జంపని గ్రామం ఉన్నది. పూర్వం గుంటూరు జిల్లాలోనిది. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. ఆ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 900 మిల్లీమీటర్లు. భూగోళమంతటి సగటు వర్షపాతం, సముద్రాలను కూడా కలిపి లెక్కిస్తే, వెయ్యికి దరిదాపుల్లో ఉంటుంది. అనగా జంపని ఎడారీ కాదు, చిరపుంజీ కాదు. లోకపు సగటుకు చేరువగా ఉన్న ఊరు. అయినా ఆ వాన ఒక్కదాన్నే నమ్ముకొని నాట్లు వేస్తే వరి చేతికొస్తుందన్న భరోసా లేదు. ఇక్కడి మళ్ళలో పారే కాలువ నీటిలో అధికభాగం ఎంతో ఎగువన, పడమటి కనుమల మీద కురిసినది.

ఆ నీటి ప్రయాణం ఇంకా దూరాన మొదలవుతుంది. వేసవిలో దక్షిణార్ధగోళపు గాలులు ఆఫ్రికా తూర్పు తీరం వెంబడి భూమధ్యరేఖను దాటి, అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొని వస్తాయి. కనుమలు అడ్డు తగలగానే పైకి లేచి చల్లబడి కురుస్తాయి. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరంలో ఏడాదికి ఐదు వేల మిల్లీమీటర్లకు మించి వాన. కనుమలు దాటిన తర్వాత ఆ గాలిలో పస తగ్గిపోతుంది; రాయచూరు, కర్నూలు ప్రాంతాలకు ఏడు వందల మిల్లీమీటర్లు కూడా కష్టమే. ఆ మెట్టసీమ నడుమగా నది కొండల వాననంతా డెల్టాకు చేరుస్తుంది.

ఈ గాలుల రాకపోకలకు అరబ్బు నావికులు పెట్టిన పేరు 'మౌసిమ్', అనగా నియమిత కాలం. ఇంగ్లీషువారి 'మాన్‌సూన్' దాని నుండి వచ్చినదే; మన ఇళ్ళలో వాడే 'మౌసమ్' కూడా అదే. ఏ రేవు నుండి ఏ రోజుల్లో ఓడ కదలాలో పదిహేనవ శతాబ్దంలో ఇబ్ను మాజిద్ లెక్కలతో సహా రాసిపెట్టాడు. నేల మీది నీటి సంగతి అంతకు నాలుగు శతాబ్దాలకు ముందే అల్ కరజీ పట్టించుకున్నాడు. గణితంలో పేరు గడించిన ఈ విద్వాంసుడు భూగర్భ జలాలను వెలికి తీయడం గురించి 1017 ప్రాంతాన ఒక గ్రంథం రచించి, ఊటలకూ నదులకూ ప్రధాన ఆధారం వాన, మంచేనని వివరించాడు. ఐరోపాలోనైతే సముద్రపు నీరే భూమి లోపలి దారుల గుండా కొండలకెక్కి నదులవుతుందన్న నమ్మకం పదిహేడవ శతాబ్దంలోనూ పోలేదు. 1674లో పెరో అనే ఫ్రెంచివాడు సేన్ నది ఎగువ భాగంలో కురిసే వానను లెక్కగట్టి, అది నదిలో పారే నీటికి ఆరు రెట్లని చూపించాడు. ఈ శాస్త్రమంతా దివ్య ఖుర్‌ఆన్‌లో ముందే ఉన్నదని చెప్పి తృప్తిపడేవారు మనలో ఉన్నారు. గాలులను, మేఘాలను, మృతభూమికి ప్రాణం పోసే వానను యోచించి చూడమని ఖుర్‌ఆన్ ఆదేశించింది. కరజీ యోచించడంతో ఆగక, నేల మట్టం కొలిచే సాధనాలు తయారు చేశాడు.

వాన తప్పినప్పుడు ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. హిజ్రీ 18లో హిజాజ్‌లో వాన కరువై నేల బూడిద రంగుకు తిరిగింది. చరిత్రకారులు దాన్ని 'బూడిద సంవత్సరం' అన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) జనంతో కలిసి వాన కోసం ప్రార్థించారు. ప్రజలకు దొరకని నెయ్యి తానూ మానేశారు. దొంగతనానికి విధించే శిక్షను ఆ ఏడు నిలిపివేశారు. వాన పడిన సీమల నుండి ధాన్యం తెప్పించారు. ఈజిప్టు స్వాధీనమైన తర్వాత నైలు నుండి ఎర్ర సముద్రానికి పోయే పాత కాలువను పూడిక తీయించగా, ధాన్యపు ఓడలు మదీనా రేవైన జార్‌కు చేరసాగాయి. దువా తర్వాత కాలువ తవ్వించడం ఆయనకు విరుద్ధంగా తోచలేదు.

గుంటూరు సీమకు అటువంటి ఏడు 1832లో వచ్చింది. తెలుగు లెక్కన నందన సంవత్సరం. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల దాకా మరణించి ఉంటారని అంచనా. కృష్ణకు ఏటా వచ్చే వరదను పొలాలకు మళ్ళించే ఆనకట్ట అప్పటికి లేదు. నీరు డెల్టా పక్కగా పోయి సముద్రంలో కలిసేది. బెజవాడ వద్ద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. ఇరవై ఏళ్ళు ఆలస్యమైన ఆ రాతికట్టు విలువ 1876-78 ధాత కరువులో తెలిసింది. దేశంలో యాభై లక్షల మందికి పైగా ప్రాణాలు పోగా, కాలువల కింది కృష్ణా గోదావరి డెల్టాలు పండి ఇతర జిల్లాలకు ధాన్యం పంపాయి. అయితే అదే కాలంలో ఇంగ్లండుకు కూడా ఓడల్లో ధాన్యం తరలిపోయిందన్నది మరువరాదు. కాలువ కట్టించినవారికి ఉమర్ నీతి తెలియదు.

వాన ఎందుకు తప్పుతుందో తెలుసుకొనే యత్నం కూడా ఈ కరువుల నుండే బలపడింది. 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, దేశదేశాల వాయుపీడనాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసి, పసిఫిక్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని, త్రాసు తట్టల మాదిరిగా ఇవి ఊగుతాయని కనుగొన్నాడు. 1969లో బ్యెర్క్‌నెస్ ఈ ఊపును పెరూ తీరాన నీరు వేడెక్కే 'ఎల్ నినో'తో ముడిపెట్టాడు. ధాత కరువు నాడు అక్కడ బలమైన ఎల్ నినో నడిచిందని ఇప్పుడు తెలుసు.

బెజవాడ ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆల్మట్టి జలాశయాలు వెలిశాయి. కనుమల్లో వాన పడినా, పై జలాశయాలు నిండితే గాని డెల్టాకు నీరు దిగదు. నారుమళ్ళు పోసే రోజులు దాటిపోతాయి. అందుకే 2015 నుండి పట్టిసీమ వద్ద గోదావరి నీటిని తోడి, పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతున్నారు. అలా వచ్చే నీరు మహాబలేశ్వరంలో కురిసినది కాదు. బంగాళాఖాతపు అల్పపీడనాలు బస్తర్ అడవుల మీద కురిపించగా, ఇంద్రావతి గోదావరికి తెచ్చి ఇచ్చిన నీరు కూడా అందులో ఉంటుంది.