ఆ ప్రయాణం ఎవరి ఆలోచన?

2024 దసరా సెలవుల్లో పుంగనూరు వెళ్ళినప్పుడు, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకతి నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. నా హైస్కూలు స్నేహితురాలి కూతురు. అంతకుముందు ఆ పిల్లను నేను చూసింది రెండుసార్లే. కాఫీ తాగి, కాసేపు కాలేజీ కబుర్లు చెప్పి, వెళ్ళబోతూ గడప దగ్గర ఆగింది. "పిన్నమ్మా, మా అమ్మ బడి ఎగ్గొట్టి ఊర్లు తిరిగేదంట. నిన్ను గూడా ఆమే చెడగొట్టిందంట. నిజమేనా?"

ఆ మాట ఎవరు చెప్పారని నేను అడగలేదు. మా వీధిలో ఇరవై ఏళ్ళుగా అందరూ చెప్పుకునే మాటే అది. "అదేం లేదులేమ్మా" అని పంపించేశాను. నిజానికి ఆ కథ పుట్టింది నా మౌనంలోంచి. ఆ సంగతి ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నది ఆ పిల్లకు నేను బాకీపడిన జవాబు.

మేమిద్దరం 2003-04లో పుంగనూరులో పదో తరగతి చదివాం. మా నాన్న ఉపాధ్యాయుడు. వాళ్ళమ్మ పట్టుపురుగుల షెడ్లలో కూలికి పోయేది. నా స్నేహితురాలు తెల్లవారకముందే లేచి మల్బరీ ఆకు కోసి, ఆ తర్వాత బడికి వచ్చేది. ఆమె పక్కన కూర్చుంటే ఆకు పసరు వాసన వచ్చేది. చదువులో నాకన్నా ఏమీ తీసిపోదు. గొంతు మాత్రం బడి మొత్తంలో ఆమెదే. రోజూ ప్రార్థనలో జనగణమన ఎత్తుకునేది ఆమే.

మా సాహసాలు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అద్దె సైకిలు తీసుకుని లంగా ఓణీలతోనే తొక్కడం నేర్చుకున్నాం. జమీందారుల నాటి పాత కోట గోడ ఎక్కబోయి మోకాళ్ళు గీరుకున్నాం. ఇంట్లో చెప్పకుండా సినిమాకి వెళ్ళి, ఇంటర్వెల్లో భయమేసి పరుగెత్తుకొచ్చాం. మా తరగతి మగపిల్లలు రోజూ చేసే పనులే ఇవి. వాళ్ళు చేస్తే అల్లరి, మేం చేస్తే తిరుగుడు. ఆ తేడా మాకు తెలుసు. తెలిసే చేశాం.

ఆ ఏడాది సంక్రాంతి సెలవులయ్యాక, జనగణమనను ఠాగూరు ఇంగ్లీషులోకి అనువదించింది మదనపల్లెలోనే అని సోషల్ సారు చెప్పారు. రోజూ ఆమె పాడే పాట పక్క ఊరి కాలేజీ దాకా వచ్చిందంటే మాకు నమ్మబుద్ధి కాలేదు. "పోదామా మే?" అన్నది నేను. "మా యమ్మకు తెలిస్తే చంపేస్తాది మే" అన్నది ఆమె. రెండు రోజులు బతిమాలి ఒప్పించాను. బస్సు టికెట్లకు డబ్బు మాత్రం ఆమెది, ఆకు కోసిన కూలిలోంచి దాచుకున్నది.

బి.టి. కాలేజీ గేటు దగ్గర ఎందుకొచ్చారని అడిగితే నాకు నోరు పెగల్లేదు. "పాట రాసిన తావు చూసేదానికి వచ్చినాము" అన్నది ఆమె. కాపలా ఆయన నవ్వి లోపలికి పోనిచ్చాడు. ఒక చెట్టుకింద నిలబడి ఆమె పాట మొత్తం సన్నగా పాడింది. అటుగా పోయే విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. బయటికి వచ్చాక, "ఈసారి హార్సిలీ హిల్స్‌కు పోదాం మే" అన్నది. అప్పటికి ఆమెకు భయం పూర్తిగా పోయింది.

తిరుగు బస్సు తప్పిపోయింది. పుంగనూరు చేరేసరికి రాత్రి ఎనిమిది. బస్టాండులో రెండిళ్ళ వాళ్ళూ ఉన్నారు. "ఎవరు పిల్చుకపోయింది?" అని మా నాన్న అడిగారు. నేను తల దించుకున్నాను. ఆమె ఒకసారి నా వైపు చూసి, "నేనే సార్" అన్నది.

ఎవరూ మరో ప్రశ్న వెయ్యలేదు. అయ్యవారి కూతురు బుద్ధిమంతురాలు, ఆకు కోసే పిల్ల దాన్ని తిప్పింది అనే కథను నమ్మడానికి అందరూ ముందే సిద్ధంగా ఉన్నారు. కులమూ, కూలీ ఆ కథను ఎప్పుడో తయారుచేసి పెట్టాయి. నేను చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడం. అదే చేశాను.

నాకు పడిన శిక్ష, నాన్న నాలుగు రోజులు మాట్లాడకపోవడం. ఆమెకు మార్చిలో పరీక్షలు కాగానే మేనమామతో సంబంధం ఖాయం చేశారు, మే నెలలో పెళ్ళి. ఆ ప్రయాణం లేకపోతే ఆ పెళ్ళి జరిగేది కాదని నేను అనలేను. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు. పెళ్ళి ఎలాగూ కాచుకుని ఉంది. తొందరపడటానికి పెద్దవాళ్ళకు ఒక సాకు కావాలి. ఆ సాకు అందించింది నేను.

2006లో మొదటి కాన్పులో రక్తం ఆగక ఆమె చనిపోయింది. బిడ్డ దక్కింది. నేనప్పుడు తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. 2004-06 కాలానికి రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయారని నమూనా నమోదు వ్యవస్థ లెక్క. అది నమూనా సర్వే కాబట్టి, ఆ అంకె వెనకైనా ఆమె ఉందో లేదో చెప్పలేం.

తరవాత నేను కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేశాను. మా సారు చెప్పని సగం అప్పుడు తెలిసింది. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లె కాలేజీలో బసచేసినప్పుడు ఆయన పాడిన బాణీని స్వరలిపిలో రాసిపెట్టినది మార్గరెట్ కజిన్స్. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్యగానే ఆమెను పరిచయం చేస్తుంటారు. ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు కోసం జైలుకు వెళ్ళినదీ, 1917లో మద్రాసులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ స్థాపకుల్లో ఒకరైనదీ, 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకు పూనుకున్నదీ ఆమే. భార్యాభర్తలు రాసుకున్న ఆత్మకథ 1950లో 'వుయ్ టూ టుగెదర్' పేరుతో వచ్చింది. మేమిద్దరం కలిసి అని కదా దానర్థం! ఆ అట్ట చూడగానే నాకు మదనపల్లె బస్సులో కిటికీ పక్క సీటు గుర్తొచ్చింది.

హార్సిలీ హిల్స్‌కు ఒంటరిగానే వెళ్ళాను. బ్రిటిషు కలెక్టరు హార్సిలీ అక్కడ ఇల్లు కట్టుకోకముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే స్త్రీ కథ అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. బస్సు బోర్డు మీద మాత్రం దొర పేరే. ఆ కొండ మీద నిలబడి నేను దొరను తిట్టుకున్నాను. కాసేపటికి సిగ్గేసింది. ఒకరి కథను ఇంకొకరి పేరున చెలామణి కానివ్వడం దొరలకే పరిమితమైన పని కాదు. బస్టాండులో పదిహేనేళ్ళ పిల్లగా నేనూ చేశాను. ఆ తర్వాత స్త్రీల చరిత్ర మీద సదస్సుల్లో మాట్లాడుతూ కూడా దాన్ని అలాగే ఉండనిచ్చాను.

1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకు ఒక దారి చూపించింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గర కూర్చుని వాళ్ళ మాట విన్నారు ఆ రచయితలు. కానీ నా స్నేహితురాలు ఎవరైనా వచ్చి అడిగేదాకా బతకలేదు. అలాంటివాళ్ళ చరిత్ర, వాళ్ళ పక్కన నడిచినవాళ్ళ జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండదు. పక్కన నడిచినవాళ్ళు అబద్ధమాడితే అదీ పోతుంది. స్నేహం గురించి మనం చాలా తియ్యగా రాసుకుంటాం. ఇద్దరు ఆడపిల్లల స్నేహంలో కూడా ఒకరు మోసే బరువు, ఒకరు తప్పించుకునే బరువు ఉంటాయని, దాన్ని కులమూ వర్గమూ తూచి పంచుతాయని రాయడం నాకు ఇన్నేళ్ళు చేతకాలేదు.

ఈ వ్యాసాన్ని పత్రికకు పంపే ముందు ఆ పిల్లకు ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. రావడం న్యాయమే. చివరికి, "అమ్మ పేరు రాయొద్దు పిన్నమ్మా. ఊర్లో వాళ్ళకి మళ్ళీ మాటలు దొరుకుతాయి" అన్నది. అందుకే పేరు రాయలేదు. తర్వాత అడిగింది: "పాట బాగా పాడేదా?"

బాగా పాడేది. మదనపల్లెకు వెళ్దామన్నది మాత్రం నేను.